వంతెన ఖాళీగా ఉన్న రోజు

అబ్బ, ఎంత ఖాళీగా ఉందో రోడ్డు, అని చెల్లెలు పైకి అనలేదు గానీ కిటికీ పక్కన కూర్చున్న ఆ మొహం అదే అంటోందని అక్కకి తోచింది, తోచగానే లోపల ఎగిరి గంతేసినంత పని అయింది, ఆ గంతుని చప్పున దగ్గుగా మార్చి మింగేసింది. బస్సు కాలనీ చివరి స్టాపులో బయల్దేరి, కట్టీ కట్టని ఇళ్లు, ఇసక గుట్టలు, ఇంకా ఎవరూ అద్దెకు దిగని షాపుల షట్టర్లు దాటుకుంటూ పోతోంది, సగం సీట్లు ఖాళీ, కండక్టరు వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చెల్లెలికి ఈ ఊరికి బదిలీ అయి, అక్క ఇంట్లో దిగి నెల కావస్తోంది. పెద్దాసుపత్రిలో రక్తపరీక్షల విభాగం, పరగడుపున వచ్చి వరసగా కూర్చున్న వాళ్ల చేతుల్లోంచి రక్తం తీసే పని, ఆలస్యమైతే ఒప్పుకునే పని కాదది, ఇవాళంటే రెండు గంటలు అనుమతి అడుక్కుని వచ్చింది. మొగుడూ కూతురూ ఇంకా పాత ఊళ్లోనే ఉన్నారు, ఇల్లు కుదిరితే వచ్చేస్తారు. ఆ ఇల్లు ఏ శివారులో అన్నదే నెల నుంచీ అక్కాచెల్లెళ్ల మధ్య నలుగుతున్న సంగతి, బడి ఎలాంటిది, ఆసుపత్రికి ఎంత దూరం, అద్దె ఎంత, ఇవే మూడు ముక్కలు అన్నం ముందూ అన్నం తర్వాతా. ఇందాక చూసొచ్చిన ఇంటాయన మధ్యాహ్నం లోపల ఫోను చెయ్యమన్నాడు, లేకపోతే వేరేవాళ్లు కాచుకుని ఉన్నారట. "ఆసుపత్రి గేటు దగ్గర దిగేలోపు తేల్చేస్తానక్కా," అంది చెల్లెలు బస్సెక్కుతూ. తేల్చెయ్ తల్లీ, తేల్చెయ్, అనుకుంది అక్క, ఈ వంతెన అవతలి కాలనీకే తేల్చెయ్, నా గుమ్మం ఛాయలకి మాత్రం రాకు.

ఇంతకీ అక్క చేసిన ఘనకార్యం ఏమిటంటే, ప్రయాణం ఎలా ఉంటుందో చూడ్డానికి ఈ రోజుని ఎంచి పెట్టడం. ఈ వారం ఊళ్లో బడులన్నిటికీ సెలవు. మామూలు రోజుల్లో అయితే కాలనీకీ ఊరికీ మధ్య ఉన్న ఈ ఒకే ఒక్క వంతెన మీద బడి వ్యాన్లు, పిల్లల్ని దింపే కార్లు, వాటి మధ్య ఇరుక్కుపోయిన బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి, డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి దిగి కబుర్లు చెప్పుకుంటారు, ముందువాడు జరిగితే తప్ప వెనకవాడికి గతిలేదు. షాపులో తనతో పనిచేసిన పిల్ల ఒకతె ఇక్కణ్ణించే వచ్చేది, రోజూ ఓనరు చేత చీవాట్లు తిని తిని ఆఖరికి ఉద్యోగమే మానుకుంది. ఇవన్నీ అక్కకి తెలుసు, తెలిసే తీసుకొచ్చింది. వారం మొదట్లో ఇంట్లో కూతురు సెలవని పడుకుని ఉంటే చెల్లెలు అడగనే అడిగింది, బడి లేదా దీనికి అని. "వాళ్ల బళ్లో ఏదో రిపేర్లటే, వాళ్లకొక్కళ్లకే సెలవు," అని కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది అక్క. ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట! అబద్ధానికి ఆలోచన అక్కర్లేదు, కత్తిపీట ముందు కూర్చుంటే చాలు.

ఇది ఆమె పనిలో నేర్చిన విద్యే. కళ్లద్దాల షాపులో చూపు చూసే ఉద్యోగం అక్కది, ముక్కు మీద బరువైన ఆ ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి వేస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా, మొదటిదా, రెండోదా, అని పొద్దస్తమానం అడుగుతూ ఉండాలి. మనిషికి విడిగా ఒకటి చూపించి ఎలా ఉందంటే చెప్పలేడు, రెండు చూపిస్తేనే నోరు విప్పుతాడు, ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఆమెకి తెలిసిన పరమసత్యం అది. చూపు అయ్యాక ఫ్రేములు. అమ్మదలుచుకున్న ఫ్రేముని ఎప్పుడూ ముందు చూపించకూడదు, ముందు ఒక దిక్కుమాలినది పెట్టు, తర్వాత ధర చూస్తే గుండె ఆగేది పెట్టు, ఆ పైన నీకు కావాల్సింది పెట్టు, అద్దంలో చూసుకుని వాళ్లే, ఆ ఇది, అంటారు, అని ఓనరు మొదట్లోనే చెప్పాడు. చెల్లెలికీ అలాగే చూపించింది. ముందు ఫ్యాక్టరీ వెనక పేట, కిటికీ తెరిస్తే ముక్కు మూసుకోవాల్సిందే. "పాపం అద్దె చవకే," అంది అక్క జాలిగా. తర్వాత తన శివారులోనే, తన వీధికి రెండు వీధులవతల, గుడ్డి వెలుతురు, నిలబడితే తల తగిలే వంటిల్లు, అద్దె మాత్రం ఆకాశంలో. అదే వీధిలో వెలుతురున్న ఇల్లొకటి ఖాళీగా ఉందని పాలవాడు చెప్పాడు, అక్క విననట్టే ఊరుకుంది. ఆఖరున ఈ కాలనీ. పెద్ద గదులు, గాలి, కొత్త బడి మేడ, మేడ అయితే ఉంది గానీ ఇంత దూరం రోజూ రాలేక టీచర్లు ఏడాదికొకరు పారిపోతుంటారని ఎవరు చెప్తారు, గోడలకి వేసిన రంగులు చెప్తాయా. చెల్లెలు వరండాలో నిలబడి, "ఇల్లంటే ఇదీ," అంది. ఆ, ఇది.

ఎందుకింత పాపం మూటగట్టుకోవడం అంటే, కూతురి కోసం. అలా అనే అక్క తనకి తాను చెప్పుకుంటోంది, బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని మరీ చెప్పుకుంటోంది. తన కూతురు, చెల్లెలి కూతురు, ఆర్నెల్ల తేడాతో పుట్టారు, ఇద్దరిదీ ఒకే తరగతి. ఆ పిల్ల వస్తే తన శివారులో ఉన్న ఆ పేరున్న బడికే వస్తుంది, ఆ బడి కోసమే జనం అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లలో ఆకాశమంత అద్దెలు కడుతున్నారు, తను మాత్రం కట్టడం లేదా, ఆయన రెండు బస్సులు మారి ఉద్యోగానికి వెళ్లి పీనుగులా తిరిగిరావడం లేదా, అంతా ఆ మొద్దావతారం కోసమే. అదేమో లెక్కల్లో సున్నా చుట్టుకొస్తుంది. అడిగితే నేల చూపులు చూస్తుంది. కొట్టడం అక్కకి చేతకాదు, ఒక్క దెబ్బ వేసి ఎరగదు, ఆ మాట నలుగురిలో గర్వంగా చెప్పుకుంటుంది కూడా. చెప్పడమే, మంచిగా చెప్పడమే. పిన్ని కూతుర్ని చూడవే, నీ ఈడుదే కదా, అది కూడా నీలాగే రెండు పూటలా అన్నమే తింటోంది కదా. దాని మూత్రానికి దీపాలు వెలుగుతున్నాయి, నువ్వు చమురు పోసినా వెలగవు. ఇంత తెచ్చి నీ నోట్లో పోస్తున్నాం, గోడకి పోసినా ఈపాటికి మొలకెత్తును. తల్లి అన్నాక ఆ మాత్రం అనదా, అంటేనే కదా రోషం వచ్చేది. రోషం రాలేదు, మొటిమలు వచ్చాయి. ఇంక ఆ చదువుల సరస్వతి వచ్చి పక్క బెంచీలో కూర్చుంటే టీచర్లు కూడా, ఓహో, మీరిద్దరూ అక్కాచెల్లెళ్ల పిల్లలా, అని ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూస్తారు, ఆ చూపు తను ఎరుగును, మొదటిదా, రెండోదా.

ఎరగకపోవడమేం, ఆ చూపు కిందే కదా పెరిగింది. అమ్మ పెరటి గోడ మీంచి పక్కింటావిడతో మార్కులు చెప్పేది, చిన్నదానికి ఇన్ని వచ్చాయండీ, అని గొంతు పెంచి, పెద్దదానికా, అని గొంతు తగ్గించి, ఏదో లెండి, గిన్నెలు బాగా తోముతుంది. గోడకి ఇవతల బూడిదలో చేతులు పెట్టుకుని తను గిన్నెలే తోముతూ ఉండేది, చెవులకి బూడిద పూసుకునే వీలుండదు కదా. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది బాగుంది బతుకు. ఆ ఏడాది చెల్లెలి మార్కులు హఠాత్తుగా పడిపోయాయి, పడి పడి తన పక్కకే వచ్చి ఆగాయి, అమ్మకి గోడ దగ్గర చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. ఎందుకు పడిపోయాయో అమ్మకి తెలియదు, నాన్నకి తెలియదు, చెల్లెలికీ తెలియదు, తనకి తెలుసు. బజార్లో నడుస్తూ, ఆ షాపు మీద ఏం రాసుందే, అని సరదాగా అడిగితే చెల్లెలు కళ్లు చికిలించి వేరే ఏదో చదివింది, ఇంకో షాపు అడిగితే ఇంకేదో చదివింది, దానికి దూరం ఆనడం లేదు, బళ్లో నల్లబల్ల కనిపించడం లేదు. తను ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదంతా చెల్లెలు అమ్మ చేత తిట్లు తిని పక్కలో చేరి ఏడుస్తుంటే తనే దుప్పటి కప్పి వీపు నిమిరేది, నిమురుతూ ఎంత సుఖంగా నిద్రపోయేదో. వేసవిలో మేనమామ వచ్చి కనిపెట్టి కళ్లజోడు పెట్టించేశాడు, ముదనష్టపు మామయ్య, మళ్లీ గోడ దగ్గర గొంతు లేచింది. అదిగో ఇప్పుడూ అదే ముక్కు మీద కళ్లజోడు, తన షాపులో తనే సగం ధరకి ఇప్పించిన ఫ్రేము, అందులోంచి చెల్లెలు ఖాళీ రోడ్డుని చూస్తోంది.

బస్సు వంతెన ఎక్కింది. కింద నీళ్లు తక్కువగా, బురద ఎక్కువగా ఉన్నాయి. ఎదురుగా ఒక్క లారీ, దాని వెనక ఇద్దరు సైకిళ్ల మీద. చెల్లెలు కిటికీ రెక్క కిందికి లాగబోయి ఆగి, "నీకు గాలి పడదు కదక్కా, మూసెయ్యనా?" అంది. ఇదిగో, ఇలాంటప్పుడే దీన్ని నమిలి ఉమ్మెయ్యాలనిపిస్తుంది. మంచితనానికీ మొదటి మార్కులు కావాలి దీనికి. నెల్లాళ్లుగా ఇంట్లో ఉండి లేచేసరికి వాకిలి ఊడ్చి ఉంటుంది, ఆయన చొక్కా గుండీలు కుట్టి ఉంటాయి, రాత్రి కూతురి గదిలో దాని పక్కన చాప వేసుకుని పడుకుంటుంది, ఇద్దరూ ఏదో గుసగుసలు, ఒకటి రెండుసార్లు నవ్వు కూడా వినిపించింది. తన కూతురు నవ్వుతుందని ఆ గోడ అవతల పడుకుని విన్నప్పుడే తెలిసింది అక్కకి. ఏం చెప్పి నవ్విస్తోందో మహాతల్లి. "వద్దులే, ఉండనీ," అంది అక్క. గాలికి ముక్కు దిమ్మెక్కింది.

వంతెన సగం దాటాక, ఎందుకో మరి, అక్క వెనక్కి తిరిగి ఆ ఖాళీ రోడ్డుని ఇంకోసారి చూసింది. రేపు బడులు తెరిచాక ఇదే సీట్లో చెల్లెలు ఇరుక్కుని కూర్చుంటుంది, అక్కడ పరగడుపున వచ్చిన ముసలాళ్లు కళ్లు తిరుగుతూ కాచుకుంటారు, పెద్ద డాక్టరు నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు. సాయంత్రం మళ్లీ ఇదే వంతెన. ఆ పిల్ల, పాపం, తాళంచెవి మెళ్లో వేసుకుని ఒక్కతీ ఆ పెద్ద గదుల ఇంట్లో లైటు వేసుకుని కూర్చుంటుంది, పెద్దమ్మా అంటూ ఎంత ఆపేక్షగా పిలుస్తుందో అది, ప్రతి ఫోనులోనూ ముందు తనతోనే మాట్లాడుతుంది. చెప్పేస్తే? ఒక్క మాట, ఒసే, ఇవాళ సెలవే, వంతెన రోజూ ఇలా ఉండదు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. వచ్చి, మరి నా కూతురో, అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఎవరి పిల్ల వాళ్లకి ముద్దు. అయినా దానికేం, మొగుడు మాట వినే మొగుడు, కూతురు పుట్టు బంగారం, కాస్త వంతెన మీద కూర్చుంటే అరిగిపోతుందా. అందరికీ అన్నీ కుదురుతాయా. నాకు కుదిరాయా. ఇలా అనుకుని మళ్లీ ముందుకి తిరిగి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది అక్క.

వంతెన దిగి ఊళ్లో పడ్డాక బస్సు నిండింది. నిలబడ్డవాళ్ల సంచీ ఒకటి అక్క భుజానికి రాసుకుంటోంది. మందుల షాపుల వరస మొదలైంది, అంటే ఆసుపత్రి వచ్చేస్తోంది. ఇంకా తేల్చలేదు ఇది, తేల్చకుండా ఇంటికొచ్చి మళ్లీ మొదలుపెడుతుందా, పాలవాడు దీనికీ చెప్తాడా ఏమిటి కొంపదీసి. అక్క గొంతు సవరించుకుని, పట్టనట్టు అడిగింది.

"ఏమనుకుంటున్నావే మరి? ప్రయాణం బాగానే ఉంది కదా."

"ఇవాళ బాగానే ఉంటుందిలే అక్కా," అంది చెల్లెలు. "బడులన్నిటికీ సెలవు కదా."

నిలబడ్డావిడ సంచీ ఇంకోసారి భుజానికి తగిలింది. అక్కకి ముందు ఆ సంచీగలావిడ మీద కోపం వచ్చింది. తర్వాత, కండక్టరు చెప్పాడేమో అనుకుంది, ఇంటాయన చెప్పాడేమో అనుకుంది, ఎవడు చెప్పినా సరే నాకూ తెలియదే అని బుగ్గన వేలేసుకుందాం అనుకుంది, వేలు బుగ్గదాకా లేవలేదు.

"మీ అమ్మాయి చెప్పిందక్కా, మొన్న రాత్రి," అంది చెల్లెలు మెల్లిగా, పక్కవాళ్లకి వినిపించకుండా. "అమ్మ నిన్ను సెలవు రోజునే తీసుకెళ్తుంది పిన్నీ, నువ్వు మోసపోకు, అంది. అని, మళ్లీ తనే, మోసపోకు గానీ, మీరు అక్కడికే వెళ్లండి పిన్నీ, మా బడికి రాకండి, అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చెల్లి మీద కోపం లేదు పిన్నీ, అదంటే నాకిష్టమే, అది ఎక్కడో ఫోన్లో ఉంటేనే అమ్మ ఇన్ని అంటోంది, పక్కన ఉంటే ఇంక అమ్మ నోరు నేను పడలేను, అంది." చెల్లెలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "అందుకని కాలనీ ఇల్లే తీసుకుంటున్నా. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంటే నేనెలాగో పడతాను. ఇంక బడంటావా, మాదాన్ని ఎక్కడ పడేసినా చదువుకుంటుందిలే."

ఎక్కడ పడేసినా! వినండి అహంకారం. ఇంత చెప్పీ ఆ చివరి మాట అనకుండా ఉండలేకపోయింది చూశారా, అని బస్సులో అందర్నీ పిలిచి చూపించాలనిపించింది అక్కకి. కానీ దాని మొహంలో అహంకారం లేదు. వెతికింది, ఒక కంట్లో వెతికింది, రెండో కంట్లో వెతికింది, అక్కడున్నది ఒట్టి జాలి, రక్తం తీసేముందు చెయ్యి గట్టిగా పట్టుకుని, కాస్త ఓర్చుకోండమ్మా, అనేటప్పుడు ఉండే జాలి. ఆ జాలి తన మీద కూడా కాదు, కూతురి మీద. తను అరణ్యమంతా తిరిగి పన్నిన వలని ఇది అడుగు ముందే చూసి, చూస్తూ చూస్తూ వచ్చి కాలు పెట్టింది, అదీ తన కూతురి కోసం, తన నుంచి తన కూతుర్ని కాపాడ్డం కోసం. నెల్లాళ్లు చాప మీద పడుకున్నదానికి తెలిసింది తనకి తెలియలేదట. చెల్లెలు ఫోను తీసి ఇంటాయనతో మాట్లాడింది, మేమే తీసుకుంటున్నామండీ, ఆ, ఖాయం, అని. అక్క కోరుకున్నది అక్షరాలా జరిగింది. దేవుడా, ఇంత అచ్చంగా జరగమని ఎవరడిగారు.

గేటు దగ్గర చెల్లెలు దిగింది, దిగి, కిటికీ కిందికొచ్చి, "దాన్నేమీ అనకక్కా, నీకు దణ్ణం పెడతాను," అంది. "ఛ, నేనేమంటానే," అంది అక్క, అని నవ్వింది కూడా, కొనేసిన గిరాకీ మెట్లు దిగుతుంటే గుమ్మం దగ్గర నవ్వే నవ్వు. బస్సు కదిలింది. సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటే మొదట ఏడుపే వచ్చింది, నిజంగానే వచ్చింది, ఒక చుక్క ముక్కు పక్కకి జారింది కూడా. ఆ చుక్క తుడుచుకునే లోపల, ఎంత ధైర్యం దానికి, అన్న మాట వచ్చి కూర్చుంది. లెక్కలు చెయ్యడానికి బుర్ర లేదు గానీ తల్లి గుట్టు బయట పెట్టడానికి ఉందా. కన్న తల్లి నోరు పడలేదట, నోరు! తొమ్మిది నెలలు మోసి, ఆకాశమంత అద్దె కట్టి, ఒక్క దెబ్బ వెయ్యకుండా పెంచినందుకు, పక్క గదిలో చీకట్లో తల్లిని అమ్మేసింది. ఇప్పుడింకా పడుకునే ఉంటుంది, మధ్యాహ్నమైనా లేవదు. లేపి, ఎదురుగా నిలబెట్టి, గట్టిగా అరవకూడదు, అరిస్తే తనే లోకువ, నెమ్మదిగా, ఒకే ఒక్క మాట అనాలి, జన్మంతా గుర్తుండేది. ఏమనాలి? ఇంటి స్టాపు దాకా అదే వెతుక్కుంది. ఒకటి అనుకుని కాదనుకుంది, ఇంకోటి అనుకుని చాలదనుకుంది, ఇదా, అదా, మొదటిదా, రెండోదా. వీధి మలుపు తిరిగేసరికి దొరికింది. పిన్ని కూతురైతే వాళ్లమ్మకి ఇలా చేస్తుందా? అదీ మాట. మెట్లెక్కుతూ నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకుంది, బాగా కుదిరింది.